అరుణాసురుడు మరిచిన ఆరు కాళ్లు

టోలిచౌకిలో ఓ అపార్ట్‌మెంటు ముందు షామియానా వేశారు. మైకు సరిచేసుకున్న పంతులుగారు శ్లోకం ఎత్తుకోకుండా తలెత్తి పైకి చూశారు. మూడో అంతస్తు బాల్కనీ అడుగున తేనెతుట్టె వేలాడుతోంది. చీకటి పడ్డాక పొగ పెట్టించాలని ఫ్లాట్లవాళ్లు అప్పటికే అనుకున్నారు.

"ఒక్కరోజు ఆగండమ్మా, ఇవాళ్టి కథ వాటిదే" అన్నారాయన. సభలో నవ్వులు.

కథ దేవీభాగవతం దశమ స్కంధంలోది. అరుణాసురుడు గాయత్రి జపిస్తూ ఘోర తపస్సు చేశాడు. చావే లేని వరం కుదరదన్నాడు బ్రహ్మ. సరే, యుద్ధంలో వద్దు, ఆయుధంతో వద్దు, ఆడ మగ ఎవరిచేతా వద్దు, రెండు కాళ్లవాటివల్లా నాలుగు కాళ్లవాటివల్లా వద్దు అన్నాడు అసురుడు. "స్థలం రిజిస్ట్రేషనుకి కూడా మనం ఇంత జాగ్రత్తగా రాయించుకోం. అయినా ఆరు కాళ్లవాటిని మరిచిపోయాడు!"

అయితే గాయత్రి నాలుక మీద ఉన్నంతసేపూ వాడి జోలికి పోలేరు. అందుకని దేవతలు బృహస్పతిని పంపారు. మీరూ మేమూ కొలిచేది ఒకే తల్లినే కదా అన్నాడాయన. శత్రువులు కొలిచే దేవత నాకెందుకని అరుణుడు జపం మానేశాడు. పంతులుగారు ఇక్కడ చాలాసేపు ఆగారు. వాడిని చంపింది తుమ్మెదలు కావు, ఆ పంతమేనని ఆయన లెక్క. ఆ తర్వాత అమ్మవారి పిడికిళ్లలోంచి తుమ్మెదలు పుట్టుకొచ్చి ఆకాశం కప్పేశాయి. కత్తి దూసే పని లేకుండానే అసురులు నిలబడ్డచోటే కూలిపోయారు.

ఆ తల్లే శ్రీశైలంలో భ్రమరాంబ. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటీ, పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటీ అక్కడ ఒకే ప్రాకారంలో ఉన్నాయి.

ముందు వరసలోంచి ఓ కుర్రాడు లేచాడు. "తుమ్మెద, తేనెటీగ ఒకటేనాండీ?"

"కాదు నాయనా." భ్రమరమంటే నల్లగా బొద్దుగా ఉండే తుమ్మెద. తుట్టె పెట్టి తేనె దాచేది మధుమక్షిక. రెండూ చుట్టాలే, రెండూ షట్పదాలే. పురాణంలో అమ్మవారి చుట్టూ రకరకాల తుమ్మెదలున్నాయి గనక పేచీ అక్కర్లేదన్నారు.

తేనెటీగల మీద భక్తి మన ఒక్కరిదే కాదు. ఈజిప్టులో సుమారు 5000 ఏళ్ల కిందటే రాజు బిరుదులో తేనెటీగ బొమ్మ ఉంది. అది నైలునది డెల్టా ప్రాంతానికి గుర్తు. సూర్యదేవుడు 'రా' కన్నీటి బొట్టే తేనెటీగ అయిందని అక్కడివాళ్లు చెప్పుకున్నారు. గ్రీకుల ఎఫెసస్ నగరం తన నాణేల మీద తేనెటీగను ముద్రించుకుంది. పంతులుగారు వీధి చివరి మసీదు వైపు చెయ్యి చూపారు. ఖురాన్‌లో 16వ సూరా పేరే 'అన్-నహ్ల్', అంటే తేనెటీగ. కొండల్లోనూ చెట్లలోనూ మనుషులు కట్టినవాటిలోనూ గూళ్లు పెట్టుకొమ్మని దానికి దేవుడి ఆనతి. "మనుషులు కట్టినవాటిలో... విన్నారా సెక్రటరీగారూ?"

నల్లమలలో కొండతేనె తీసే చెంచులకు శ్రీశైలం దేవుడు చెంచు మల్లయ్య. తాడు పట్టుకుని కొండచరియల మీంచి దిగుతారు. అభిషేకంలో పంచామృతాల గిన్నెలో తేనె చూసినప్పుడు ఆ తాడు గుర్తుకు రావాలన్నారు పంతులుగారు.

చివర్లో ఓ పెద్దావిడ అడిగింది: అమ్మవారి గుడి వెనక గోడకు చెవి ఆనిస్తే ఝుంకారం వినిపిస్తుందంటారు, నిజమేనా?

"నేను రెండుసార్లు పెట్టానమ్మా. మొదటిసారి నా వెనక క్యూ గోలే వినిపించింది" అన్నారాయన. రెండోసారి సంగతి చెప్పకుండానే హారతి పళ్లెం అందుకున్నారు.