పరిశోధనము: కామ్యమా, నిత్యమా?

శివరాత్రినాడు కీసరగుట్ట రామలింగేశ్వరుని దర్శనమునకై దమ్మాయిగూడ త్రోవన సాగిపోవు జనసందోహమును చూచినవారికి, ఇచ్చుట యన్నది మన జాతికి ఒకరు నేర్పవలసిన విద్య కాదని తోచకపోదు. ఈ ప్రాంతమున ఏ గుడికి పోయినను గోడకు బిగించిన చలువరాతి పలక యొకటి కనబడును. గచ్చు చేయించినవారు, మంచినీటి కుళాయి పెట్టించినవారు, అన్నదానమునకు శాశ్వతనిధి నుంచినవారు, వారి వారి పేర్లు, ఇచ్చిన మొత్తములతో సహా దానిపై చెక్కబడియుండును. తటాకమును, వనమును, దేవాలయమును, కావ్యమును కన్నకొడుకుతో సమానముగా నెంచి సప్తసంతానములలో చేర్చిన సమాజమిది. అయినను, అదే దమ్మాయిగూడనుండి కుషాయిగూడ, నాచారము దాటి తార్నాక, హబ్సిగూడలకు వచ్చినచో, జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, లోకమున సీసీఎంబీ యని పిలువబడు కణ, అణుజీవశాస్త్ర కేంద్రము, ఇవన్నియు కూతవేటు దూరములలో కానవచ్చును. వానిలో జరుగు పనికి ధనమిచ్చుట దానమా, పెట్టుబడియా, లేక ఋణము తీర్చుటయా యని మనము నిలిచి విచారించిన పాపాన పోలేదు. అది విచారింపకపోవుటచేతనే, పరిశోధనకు నిధులు కావలెనన్న శాస్త్రజ్ఞుడు ఏటేట ప్రభుత్వద్వారమున యాచకునివలె నిలువవలసి వచ్చుచున్నది.

ఈ ప్రశ్నకు పూర్వమీమాంసకులు చేసిన ఒక విభాగము మిక్కిలి ఉపకరించునని నా నమ్మకము. స్వర్గమును గోరి చేయు యాగము, పుత్రుని గోరి చేయు ఇష్టి, ఇవి కామ్యకర్మలు. ఫలము వలదనుకొన్నవాడు వీనిని మానవచ్చును, మానినందున దోషము లేదు. సంధ్యావందనము, అగ్నిహోత్రము మొదలైనవి నిత్యకర్మలు; చేసినందున ప్రత్యేకఫల మేమని అడుగుటకు వీలులేదు, చేయకున్న మాత్రము ప్రత్యవాయము, అనగా మానినందుకు కలుగు దోషము, తప్పదు. అంతకంటె సూక్ష్మమైన భేదము మరియొకటి కలదు. కామ్యమును సర్వాంగములతో, ఏ లోపమును లేకుండ, నిర్వహింపగలవాడే పూనుకొనవలెను. నిత్యమునో, ఉన్నంతలో, యథాశక్తిగా, ఒక అంగము లోపించినను సరే, చేసితీరవలెను. పేదరికము కామ్యమును మానుటకు చాలిన కారణము. నిత్యమును మానుటకు కాదు.

మన ప్రభుత్వములు, నిజము చెప్పవలెనన్న మనమును, పరిశోధనమును కామ్యకర్మగా భావించుచున్నాము. ఏ ఫలము, ఎన్నాళ్లకు, ఎంత లాభము, అని ముందుగా అడుగుదుము. సంతృప్తికరమైన ప్రత్యుత్తరము రానిచో సంచి ముడి విప్పము. కాని పరిశోధనము నిత్యకర్మ యని నేను వాదింపదలచినాను.

1897వ సంవత్సరమున సికిందరాబాదులో జరిగిన కథను మన పిల్లలు పాఠములలో రెండు పంక్తులుగా చదువుదురు. అది అంతకంటె నిదానముగా చూడదగినది. బేగంపేటలోని ఒక చిన్న గదిలో ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడైన రోనాల్డ్ రాస్ దోమల కడుపులు చీల్చి సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. ఆగస్టు నెల ఉక్క. పంకా లాగించినచో చీల్చిన దోమలు గాలికి ఎగిరిపోవును కావున పంకా నిలిపివేసెను. నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క కంటికటకమును బీటలువారియుండెను. అంతకుముందు రెండేండ్లుగా ఆయన చీల్చినవన్నియు మలేరియాకు సంబంధము లేని జాతుల దోమలు. ఎట్టకేలకు రెక్కలపై మచ్చలు గల దోమలు కొన్ని దొరికినవి. ఆగస్టు 16వ తేదీన వానిచేత హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని కుట్టించి, 20వ తేదీన వానిలో ఒకదాని జీర్ణాశయపు గోడలో, ఉండరాని చోట, నల్లని రంగురేణువులతో కూడిన గుండ్రని కణములను చూచెను. మలేరియా రహస్యము అచ్చట విడివడెను.

పిదప జరిగినదేమి? ఆ ఆవిష్కారమునకు నెల తిరిగీ తిరుగకముందే ప్రభుత్వము ఆయనను మలేరియా యంతగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీచేసెను. ఆయన గురుతుల్యుడైన పాట్రిక్ మాన్సన్ లండనులో కూర్చుండి, ఈ పనికై రాస్‌ను ప్రత్యేకముగా నియమింపవలసినదని అధికారులకు పదే పదే విన్నవించిన తరువాతనే, 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆరునెలల ప్రత్యేకవిధి లభించెను. ఆ గడువులోనే, జులై నాటికి, పక్షుల మలేరియా దోమకాటు వలన ఒక పక్షినుండి మరియొకదానికి సంక్రమించునని రాస్ నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. చీల్చినవాని శ్రమ ఎంతటిదో, వానికొరకు అడిగినవాని నోరు అంతటి విలువ గలది. ప్రజారోగ్యచరిత్రలో ఈ అడుగువారి వంతును మనము గుర్తించినది చాల తక్కువ.

ఇక హుసేన్ ఖాన్ మాట. కుట్టిన దోమకొక అణా చొప్పున ఆయనకు ముట్టినది. రాస్ పేరుతో ఆ భవనము నేడును నిలిచియున్నది. కొన్ని అణాలకు తన రక్తమును దోమలకిచ్చిన ఆ రోగికి తరువాత నేమైనదో చరిత్ర పట్టించుకొనలేదు. మనకు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు చెప్పినారు. జ్ఞానము నార్జించి మనకిచ్చినవారికి పడిన బాకీ ఋషిఋణము. అది పూజవలన తీరదు, అధ్యయనమువలన, ఆ జ్ఞానమును ముందుకు సాగించుటవలన మాత్రమే తీరును. ఆ ఋషుల వరుసలో రాస్‌కు చోటున్నచో, నా దృష్టిలో హుసేన్ ఖానుకును చోటున్నది. నేటికిని క్రొత్త మందును తన శరీరమున పరీక్షింపనిచ్చిన ప్రతి నిరుపేదకును మనము అట్లే ఋణపడియున్నాము. ఋణము తీర్చుటను దానమనుకొనువాడు తన్ను తాను మోసగించుకొనుచున్నాడు.

ఈ పరిసరములకే చెందిన మరియొక అడిగిన మనిషి పుష్పమిత్ర భార్గవ. 1928లో అజ్మీరులో జన్మించి, ఇరువదియొకటవ యేటనే డాక్టరేటు పొంది, 1950లో హైదరాబాదు చేరి, తరువాత కొన్నేండ్లు అమెరికాలోను ఇంగ్లండులోను పనిచేసి, తిరిగివచ్చి తార్నాకలోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీలో చేరెను. అచ్చటి జీవరసాయన విభాగమే బీజముగా 1977లో సీసీఎంబీ ఏర్పడెను. ఉప్పల్ రోడ్డులోని దాని ప్రాంగణము 1987లో జాతికంకితమయ్యెను. జీవసాంకేతికమునకు కేంద్రప్రభుత్వమున ప్రత్యేకశాఖ యొకటి ఉండవలెనని గట్టిగా వాదించినవారిలో ఆయన యొకడు; ఆ శాఖ 1986లో వెలసెను. అడుగుటకు ఆయన ఎన్నడును సిగ్గుపడలేదు, తలవంచను లేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు, అది న్యాయమైనదే. 1964లో సతీశ్ ధవన్, అబ్దుర్ రహమాన్ మొదలగువారితో కలిసి శాస్త్రీయ దృక్పథ సంఘమును స్థాపించి, జ్ఞానము మానవప్రయత్నమువలననే గాని దివ్యవాణివలన లభింపదని సభ్యులచే సంతకము చేయించిన భార్గవను మీమాంసాపరిభాషలో బంధించుట తగునా? వేదవిధిని ఆయన అంగీకరింపడు, కంటికి కానరాని అదృష్టఫలమును అసలే అంగీకరింపడు. నిజమే. కాని, 1976లో రాజ్యాంగములో చేరిన 51ఎ అధికరణమున శాస్త్రీయ దృక్పథమును, మానవతను, జిజ్ఞాసను, సంస్కరణబుద్ధిని పెంపొందించుట పౌరుని ప్రాథమిక విధులలో నొకటిగా చెప్పబడినది. ఆయన జీవితమంతయు ఆ విధి చుట్టును తిరిగినది. ఆ అధికరణము ఇది చేసినచో ఇంత ఫలమని ఎచ్చటను చెప్పదు. చేయవలెనని మాత్రమే చెప్పును. విధించినది శ్రుతియా, రాజ్యాంగమా యన్నచో వారి వారి విశ్వాసము వేరు కావచ్చును. ఫలాపేక్ష లేని విధి యొకటి మనిషిని కట్టివేయగలదన్న చోట మీమాంసాసూత్రకారుడైన జైమినియు భార్గవయు ఒకే గట్టుపై నిలుతురు. ఈ సామ్యము ఆయనకు రుచించియుండునని నేననను, కాని అది నిజమని నమ్ముచున్నాను.

నిత్యకర్మను మానినచో ప్రత్యవాయమెట్లుండునో హెపటైటిస్-బి చూపినది. విదేశములనుండి వచ్చు టీకా ఒక్కొక్క మోతాదు వందలాది రూపాయలు పలికిన దినములలో సామాన్యునికి అది అందనిదై యుండెను. ఇంజనీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించి, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత సీసీఎంబీలోను చోటు సంపాదించి, వైరసు ఉపరితలపు మాంసకృత్తును ఈస్టు కణములచేత తయారుచేయించు పద్ధతిని సాధించెను. 1997లో టీకా వెలువడినప్పుడు దాని ధర 50 రూపాయల ప్రాంతమున ఉండెను. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా దేశమంతట ఉచిత టీకాల పట్టికలో చేరెను. సీసీఎంబీ గోడలు లేపినవారు ఈ టీకాను ఉద్దేశించి లేపలేదు. అంతకుముందు గడచిన సంవత్సరములలో టీకా కొనలేక కాలేయము చెడి పోయినవారి మాట తలచినప్పుడు మాత్రము నాకొక సంగతి బాధించును: శాస్త్రమున ప్రత్యవాయము కర్మ మానినవానికే తగులును, ఇచ్చట మానినవాడొకడు, అనుభవించినవాడు వేరొకడు. నా ఉపమానము ఇంతవరకే నడచును, ఇచ్చట కుంటును. కుంటినచోటనే మన అపరాధము మరింత బరువెక్కుచున్నది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు సీసీఎంబీ, రసాయన సాంకేతిక సంస్థల శాస్త్రజ్ఞులు హైదరాబాదు మురుగునీటి శుద్ధికేంద్రములకు వచ్చిపడు నీటిని సీసాలలో పట్టి తెచ్చిరి. రోగలక్షణములున్నవాడును లేనివాడును వైరసును మలముతో విసర్జించును గదా. ఆ నీటిలో దాని ఆనవాళ్లు ఎన్ని కలవో లెక్కించి, నగరమున 6 లక్షలకు పైబడి జనులు దాని బారిన పడియుందురని అంచనా కట్టిరి. ఆస్పత్రికి రానివాని లెక్క మురికికాలువ చెప్పినది. ఆ యంత్రములు, ఆ నేర్పు, ఆ మనుషులు ఆ యేడు అప్పటికప్పుడు పుట్టినవి కావు. రాబోవు వ్యాధి పేరైనను తెలియని నాడు, ఏటేట కొంత కొంత ఇచ్చిన ధనమున నిలిచినవి.

ఆకలిగొన్నవానికి అన్నము, జ్వరపీడితునకు మందు ముందు గాని, ప్రయోగశాల ముందా యని అడుగువారున్నారు. నాచారము పారిశ్రామికవాడలో దినకూలికి పోవువాడు అడిగినచో ఆ ప్రశ్నకు నేను తలవంచుదును. కోట్ల పద్దులు వ్రాయువారు అడిగినచో తలవంచను. పంచమహాయజ్ఞములలో మనుష్యయజ్ఞమును కలదు, ఋషులకై చేయు బ్రహ్మయజ్ఞమును కలదు. ఒకటి చేసితిమని రెండవది మానుమని ఎవ్వరును చెప్పలేదు. మన దేశము పరిశోధనకు వెచ్చించునది 2020-21 లెక్కల ప్రకారము స్థూలదేశీయోత్పత్తిలో 0.64 శాతము. 2017 జాతీయ ఆరోగ్యవిధానము, ప్రభుత్వపు ఆరోగ్యవ్యయము 2025 నాటికి 2.5 శాతము కావలెనని లక్ష్యము పెట్టుకొనెను. ఆ గడువు నాటికి దానిని అందుకొనలేదు. అన్నమునకును తక్కువే, అగ్నిహోత్రమునకును తక్కువే. రెంటికిని పోరుపెట్టి చూచుట లోభి చెప్పు సాకు. యథాశక్తి యన్న మాటకు శక్తి యున్నంత అని అర్థము గాని, ఇష్టమున్నంత అని కాదు.

అడుగువానికిని ధర్మము కలదు. నిధులకొరకు రేపే వ్యాధి మాయమగునని ఆశపెట్టు శాస్త్రజ్ఞుడు నిత్యమును కామ్యముగా దిగజార్చుచున్నాడు. ఫలము రానినాడు ప్రజల విశ్వాసము కూలును, దానితో తరువాతివాని పనియు కూలును. ఈ విషయమున భార్గవ నడత శిరోధార్యము. జీవసాంకేతికమునకు అంతగా పాటుపడినవాడే, జన్యుమార్పిడి పంటలకు సమగ్రమైన పరీక్షలు జరుగలేదని, 2008లో సర్వోన్నత న్యాయస్థానము ఆ పంటల ఆమోదసంఘమునకు తన పక్షమున పంపినప్పుడు, నిర్మొగమాటముగా చెప్పెను. శాస్త్రీయ దృక్పథము పట్ల అకాడమీలు ఉదాసీనముగా ఉన్నవని 1994లో మూడింటి సభ్యత్వమును వదలుకొనెను. 2015లో పద్మభూషణమును తిరిగి ఇచ్చివేసెను. ఆయన నిర్ణయములన్నిటితో ఏకీభవింపనక్కరలేదు. ఇచ్చినవానికి ప్రియము చెప్పుట కంటె నిజము చెప్పుటే ఇచ్చినదానికి తగిన ప్రతిఫలమని ఆయన ఎరిగియుండెను. ప్రజాధనము తీసికొను ప్రతి పరిశోధకునినుండియు మనము కోరదగినది అది యొక్కటే.

దమ్మాయిగూడకు ఇదంతయు దూరపు సంగతి కాదు. పొరుగుననే జవహర్‌నగర్ చెత్తగుట్ట కలదు. మహానగరపు కసవంతయు ఏండ్ల తరబడి అచ్చటికే చేరినది. దానినుండి ఊరిన విషజలము మల్కారము చెరువును చెరచినది, చుట్టుపట్ల భూగర్భజలములలోనికి దిగినది. గుట్టపై కప్పు వేసిరి, చెత్తతో విద్యుత్తు తీయు కర్మాగారమును పెట్టిరి, అవి జరుగవలసినవే. కాని ఆ నీటిలో ఏమున్నది, అది త్రాగినవాని రక్తములోనికి ఏమి చేరుచున్నది, పసిపిల్లల ఎదుగుదలపై ఏమి పనిచేయుచున్నది, అన్నవి ఒకనాడు పరీక్షించి ముగింపదగినవి కావు. ఏటేట, పదేండ్లు, ఇరువదేండ్లు, విడువక చూడవలసినవి. అచ్చమైన నిత్యకర్మ అది. చేయగల సంస్థలు బస్సెక్కిన గంటలో చేరదగినంత దగ్గర ఉన్నవి. కావున ఈ ప్రాంతపు పాఠకులకు నా విన్నపము: ఓటుకొరకు మీ వాకిటికి వచ్చినవానిని రోడ్డును, మురుగుకాలువను అడుగునట్లే, మన బోరునీటిని ఎవరు, ఎన్ని నెలలకొకమారు, వేటి కొరకు పరీక్షించుచున్నారో, ఫలితములను ఎచ్చట ప్రకటించుచున్నారో, ఈ యేటి పద్దులో దానికెంత కేటాయించిరో అడుగుడు, చెప్పునంతవరకు విడువకుడు.