అతిథియు మూసీనదియు

పరదేశపు స్నేహితుడొకడు మూడు దినములు మా యింట నుండుటకు వచ్చుచున్నాడని తెలిసిన నాటి రాత్రియే మా యింట నొక చిన్న సభ జరిగెను. హైదరాబాదులో అతనికేమి చూపవలెననునది విచారింపవలసిన విషయము. మా కుమారుడు గోలకొండ యనెను. ఫతే దర్వాజాకడ చప్పట్లు చరచినచో కొండమీది బాలాహిస్సారున వినబడును గదా! కుమార్తె సాలార్‌జంగు ప్రదర్శనశాల యనెను. 1876లో బెంజోనీ చెక్కిన రెబెకా ముఖముపై రాతిముసుగు ఎంత పలుచగా కనబడునో చూపక పంపరాదట. మా అమ్మ బిర్లా మందిరమును విడువరాదనెను. నేను చార్మినారు, చౌమహల్లా, కుతుబ్‌షాహీ సమాధులు అని కాగితముపై వరుసగా వ్రాసికొంటిని. ఒకటి తక్కువైనను నగరమునకు చిన్నతనమగునని నా భయము.

స్థలములు కుదిరినవి గాని దారి కుదరలేదు. మా యిల్లు మూసీకి ఉత్తరమున నున్నది. చార్మినారును, సాలార్‌జంగు శాలయు దక్షిణపు వైపున నున్నవి. ఏ వంతెనమీద పోయినను నదిని దాటక తప్పదు. దాటునపుడు ముక్కు మూసికొనక తప్పదు. కారు అద్దములు బిగించి, సరిగా వంతెన వచ్చు సమయమునకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినారు కట్టించిన కథ యెత్తుకొందునని నేననగా, అంతవరకు మాటలాడని నా భార్య, "ఏమండీ, మీ కథను ఆయన చెవులు వినును. ముక్కు కూడ వినునా?" అనెను. పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

రాకపోవుటకు కారణము కలదు. కొన్నేండ్ల క్రిందట నేను లండనుకు పోయినపుడు ఈ స్నేహితుడు నన్ను రాజభవనమునకు గొనిపోలేదు. నగరమునకు తూర్పున, థేమ్సు నది యొడ్డున, క్రాస్‌నెస్ అనుచోట 1865లో ప్రారంభించిన పాత మురుగునీటి పంపుల శాలకు గొనిపోయెను. లోపలి యినుపపని రంగులతో దేవాలయమువలె నున్నది. మురుగు తోడు నాలుగు ఆవిరియంత్రములకు రాణి పేరును, ఆమె కుటుంబమువారి పేర్లును పెట్టిరి. (మన యూర నట్టి యంత్రమునకు ఏ ప్రభువు పేరైన పెట్టి బ్రతుకగలమా?) 1858 వేసవిలో నది కంపు భరింపలేక పార్లమెంటువారు కిటికీ తెరలను బ్లీచింగు నీట తడిపి వ్రేలాడదీసిన సంగతియు, పిమ్మట బాజల్గెట్ అను ఇంజనీరు నగరము క్రింద పెద్ద మురుగుకాలువలు కట్టించిన సంగతియు అతడు ఉత్సాహముతో చెప్పెను. తన యూరి కుళ్లును దాచక చూపిన యా నిజాయితీకి నేను ముగ్ధుడనైతిని. అట్టివానికి నేనిప్పుడు కారు అద్దములు బిగింపబూనితిని!

అయినను ఆలోచించినకొలది ఆ నిజాయితీ వెల కొంత తగ్గినది. అతడు చూపినది జయింపబడిన కుళ్లు. మానిన గాయపు మచ్చను చూపుట శూరునకు భూషణమే. పచ్చిపుండును చూపుట వేరు. ఆ జయమైనను కథలో విన్నంత నిండైనది గాదు. ఆ శాల తొలినాళ్లలో మురుగును శుద్ధిచేయలేదు. నిలువయుంచి, పోటు తగ్గి నీరు సముద్రమువైపు లాగువేళ నగరమునకు దిగువగా నదిలోనికే వదలెను. 1957 నాటికి లండను చెంతనున్న థేమ్సులో జీవము నశించినదని శాస్త్రజ్ఞులు చెప్పవలసివచ్చెను. ఈ మాట అతడు నాకు చెప్పలేదు. ఇంటికి వచ్చి చదివి తెలిసికొంటిని. అతనిని నిందించుటకు గాదు. ఎవరి యింటనైనను ఒక గది తలుపు మూసియే యుండును.

ఆ తలుపు మూయుట తప్పా? నా సందేహము విని మా అమ్మ, "చుట్టము వచ్చునపుడు విడిచిన బట్టలు మూలగదిలో పడవేయమా? అది మోసమా, మర్యాదయా?" అని యడిగెను. అది మర్యాదయే. విడిచిన బట్టకు అవమానము లేదు. కాని 2017 నవంబరులో, అమెరికా అధ్యక్షుని కుమార్తె పాల్గొను సదస్సునకు ముందు, మన నగరమున భిక్షాటనను నిషేధించి బిచ్చగాండ్రను జైలు ఆవరణలలోని వసతులకు తరలించిరి. 2020 ఫిబ్రవరిలో ఆ అధ్యక్షుడే వచ్చుటకు ముందు అహమ్మదాబాదున ఆ దారి ప్రక్కనున్న పేదవాడకడ్డముగా గోడ లేచెను. అది ముందే తలపెట్టిన పనియని నగరపాలకులు చెప్పిరి. ఇచ్చట మూలగదిలోనికి త్రోయబడినది బట్ట గాదు, మనిషి. వచ్చినవానిని దేవుడని కొలుచుటకై ఇంటనున్నవానిని కనబడకుండ జేయుట మర్యాద యెట్లగును?

దీనికి విరుగుడుగా కొందరు అతిథిని తిన్నగా మురికివాడలోనికి తీసికొనిపోయి, అసలైన దేశమిది చూడుమందురు. నాకిదియు మేలుగా తోచదు. మూసీ యొడ్డున కాపురమున్న ఒక స్త్రీ తన పొయ్యిని, తన పిల్లల చింకిచొక్కాలను మా యతిథికి చూపుమని నాతో ననలేదు. ఆమె లేమి నా సొత్తు గాదు. ఆమె యింటిని చూచిపోవువారు ఆమెకు క్రొత్తయును గారు. 2024లో నదీ పునరుజ్జీవన పథకము పేరిట ఆ యొడ్డు ఇండ్లు కొన్నింటిపై ఎర్రని గుర్తులు వేసి పోయినవారు కలరు. ఫలక్‌నుమాను చూపి మెప్పించుటయు, ఆమె గుడిసెను చూపి కన్నీరు తెప్పించుటయు ఒకే జాతి పనులు. రెంటను నేను పరులసొమ్ముతో ఆతిథ్యము చేయుచున్నాను.

మరి నది? నది మాట వేరు. దానిలోని నలుపు నాది. మా పళ్లెములు కడిగిన నీరు, బట్టలుతికిన నీరు, మరుగుదొడ్డి నీరు అందున్నవి. దానిని చూపుటకు నేనెవరి యనుమతియు కోరనక్కరలేదు. దాచుటకు మాత్రము నాకేమి యధికారమున్నదో తెలియదు.

మొదటి దినముననే నయాపూల్ దగ్గర కారు దిగితిమి. ఉస్మానియా ఆసుపత్రి చెంతనున్న చింతచెట్టును ముందు చూపితిని. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొన్నపుడు సుమారు 150 మంది ఆ కొమ్మలు పట్టుకొని బ్రతికిరి. ఆ విపత్తు పిమ్మట విశ్వేశ్వరయ్యగారి ఆలోచనతో 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును ఏర్పడెను. నగరమునకు వరదభయము తగ్గెను, త్రాగునీరు దొరకెను. నదికి మిగిలినదేమి? వానలు లేని దినములలో, శుద్ధియైనదో కానిదో, మన మురుగునీరే. అనంతగిరి కొండలలో పుట్టిన యేరు మన నడుమ ఇట్లు పారి, దిగువ పొలములలో గడ్డిని పెంచును. ఆ గడ్డిని గేదెలు మేయును. పాలు మరల నగరమునకే వచ్చును. ఉదయము అతడు మెచ్చుకొని త్రాగిన కాఫీ సంగతి నాకు జ్ఞాపకము వచ్చెను గాని, ఆతిథ్యధర్మము నోరు నొక్కినది.

అతడు గోడకానుకొని చాలసేపు నీటిని చూచెను. 1957 సంగతి, క్రాస్‌నెస్‌లో చెప్పనిది, అప్పుడు తానే చెప్పెను. పిదప రెబెకాను చూచితిమి. నిజముగా చక్కనిది, మా కుమార్తె మాట వృథాపోలేదు.

రాత్రి భోజనమువేళ అతడు, "మీ యింటి నీరు నదిలో ఎచ్చట కలియును?" అని యడిగెను. నేను కుమారుని వంక చూచితిని, అతడు నా వంక చూచెను. ముప్పదియేండ్లుగా ఆ యింట నున్నాను. గోలకొండ చప్పట్ల మర్మము చెప్పగలను. ఈ ప్రశ్నకు జవాబు లేదు.

స్నేహితుడు వెడలిపోయి నాలుగు వారములైనది. ఆదివారముల ఉదయమున నేనును కుమారుడును పుస్తకము పట్టుకొని మా వీథి మురుగుకాలువ జాడ పట్టుచున్నాము. రెండు మలుపులు దాటి పాత కల్వర్టు వరకు తెలిసినది. అచ్చట నది యొక పెద్ద నాలాలో పడుచున్నది. నాలాపై ఇండ్లు కట్టిరి. అవతల ఎక్కడ బయటపడునో అడిగినవారిలో ఇంకను ఎవరును చెప్పలేదు.