పౌలునకు ఇల్లు అద్దెకిచ్చినదెవరు?

అపొస్తలుల కార్యముల గ్రంథము ఒక అద్దె ఇంటిలో ముగియుచున్నది. రోమాకు బందీగా తేబడిన పౌలు అక్కడ రెండేండ్లు అద్దె ఇంటిలో ఉండెనని చెప్పి లూకా తన కథను చాలించెను. ఆ ఇంటిలో జరిగిన సువార్త ప్రకటననుగూర్చి మనము అనేక ప్రసంగములు విన్నాము. ఆ ఇంటి యజమానినిగూర్చి మాత్రము ఎవరును పలుకరు. అతని పేరు కూడ మనకు తెలియదు. అయినను అతడు ఒప్పుకొన్న బేరమును కొంచెము ఆలోచింపుడి. ఇల్లు అడిగినవాడు పరదేశి, చేతికి సంకెల, ప్రక్కన కావలి సిపాయి. తీర్పు ఎప్పుడు వచ్చునో, ఏమి వచ్చునో తెలియదు. గుడారములు కుట్టు పని వచ్చినవాడే గాని సంకెలతో ఆ పని ఎంత సాగును? చెరలోనున్న పౌలునకు ఫిలిప్పీ సంఘము ఎపఫ్రొదితు చేత కానుక పంపెను. ఆ పత్రిక రోమా చెరనుండి వ్రాయబడినదని సంఘము పూర్వమునుండి తలంచుచున్నది. అట్లయిన ఆ అద్దెలో కొంతైనను ఇతరుల సహాయపు సొమ్మే అయియుండును.

ప్రియమైన చదువరులారా, ఈ సంగతిని మేము ఊరక ఎత్తలేదు. సహాయపు సొమ్ముతో బ్రదుకువానికి ఇల్లు ఇయ్యవచ్చునా, నిరాకరించుట పాపమా అను ప్రశ్న మన ప్రాంతములో దినదినము ఎదురగుచున్నది.

గోదావరిఖనిని మన పల్లెలవారు ఖని అనియే పిలుతురు. 1960ల ఆరంభములో అక్కడ బొగ్గు బావులు తెరచినది మొదలు నాలుగు దిక్కులనుండి జనము వచ్చి చేరిరి. సింగరేణి కంపెనీ తన కార్మికులకు క్వార్టర్లు కట్టించెను. క్వార్టరు దొరకనివారికి జీతముతో ఇంటి అద్దె భత్యము ఇచ్చును. పని ఉన్నంతకాలము ఈ ఏర్పాటు బాగుగనే నడచును. రిటైరయిన పిమ్మట క్వార్టరు కంపెనీకి అప్పగింపవలెను. భత్యము జీతముతోనే ఆగిపోవును. ముప్పది ఏండ్లు కంపెనీ కప్పు క్రింద నివసించిన భార్యాభర్తలు ముసలితనమున మొదటిసారి కిరాయి ఇంటికై తిరుగవలసివచ్చును.

టూ-లెట్ బోర్డు చూచి గేటు తట్టగానే మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తరు? జీతమెంత?" అని. "రిటైరయిన బిడ్డా, పింఛను వస్తది" అనగానే, "ఇల్లు మా సుట్టాలకు ఇస్తమని చెప్పినం" అను జవాబు వచ్చును. బోర్డు మాత్రము మరుసటి వారమున కూడ అక్కడనే వ్రేలాడుచుండును. విధవరాలు అడిగినయెడల, "మీ ఇంట్ల మగదిక్కు ఎవరున్నరు?" అందురు. భర్త గనిలో పోయిన పిమ్మట ఉద్యోగమునకు బదులు నెలనెల సొమ్ము కోరుకొన్న స్త్రీలున్నారు. ఆ సొమ్ము తప్పక వచ్చుచున్నదని ఆమె కాగితము చూపినను, చూచువారు కాగితము చూడరు, ఆమెనే చూతురు. (ఊరి పేరు అడిగి, ఇంటిపేరు అడిగి, మెల్లగా కులము కనుగొను నేర్పు కూడ ఒకటి గలదు. దానినిగూర్చి వేరుగా వ్రాయవలెను.)

ఇక్కడ ఒక వింత గమనింపుడి. సింగరేణిలో 51 పాళ్లు రాష్ట్ర ప్రభుత్వమునకు, 49 పాళ్లు కేంద్ర ప్రభుత్వమునకు చెందినవి. కార్మికుని జీతము ప్రభుత్వ కంపెనీ ఇచ్చునది గనుక అది గట్టి సొమ్మని ఇంటివారు సంతోషింతురు. విధవరాలి ఆసరా పింఛను నేరుగా ప్రభుత్వమే ఇచ్చునది; అది మాత్రము నమ్మరాని సొమ్మట! కాబట్టి వారు భయపడునది సొమ్మునుగూర్చియేనా, లేక దానిని చేతపట్టుకొని వచ్చిన మనుష్యునిగూర్చియా?

అయితే భయములో నిజమేమియు లేదని మేము చెప్పము. ఆసరా పింఛను 2014లో మొదలై, వృద్ధులకు విధవలకు 2019లో 2,016 రూపాయలు చేయబడెను. ఒక గది కిరాయికే అందులో చాల భాగము పోవును. అదియు ఒక్కొక్క నెల ఆలస్యమగుచుండును. బొగ్గుగని కార్మికుల పింఛను పథకము 1998లో వచ్చినది. దాని క్రింద 2024 వరకు నెలకు వెయ్యి రూపాయలైనను రానివారుండిరి. బియ్యపు ధర పెరిగినట్లు ఆ పింఛను పెరుగదు. 2024 మార్చిలో భద్రాచలమున ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకము స్వంత స్థలము గలవారికి ఇల్లు కట్టుకొనుటకు 5 లక్షల రూపాయలు ఇయ్యదలచినది. మంచిదే. కాని జానెడు జాగా లేనివాడు అప్పటివరకు ఎవరో ఒకరి గేటు తట్టవలసినదే గదా.

కావున "కిరాయి ఎట్లు కడతవు?" అని అడుగుట తప్పు కాదు. ఆ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పవచ్చును. కొడుకు ఎంత పంపును, పింఛను ఏ తేదీన పడును, ముందటి ఇంటివారికి బాకీ ఉన్నదా, అని కూర్చుండి మాటలాడవచ్చును. "పింఛనోళ్లకు ఇయ్యము" అనుట వేరు. అందులో ప్రశ్నయే లేదు. మనిషి నోరు తెరువక మునుపే తీర్పు అయిపోయినది. ఇది మన దేశములోనే గాదు. ఇంగ్లాండులో ప్రభుత్వము బీదలకు అద్దె సహాయము ఇచ్చును; ఆ సహాయము పొందువారు రావద్దని ఇండ్ల ప్రకటనలలో బాహాటముగా వ్రాయుచుండిరి. 2020 జూలైలో యార్కు పట్టణపు న్యాయస్థానము, ఒకానొక స్త్రీ వ్యాజ్యెములో, అట్లు అందరిని కలిపి త్రోసివేయుట చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. అట్టి నిషేధము స్త్రీలకు, వికలాంగులకు ఎక్కువ కీడు చేయుచున్నదని న్యాయస్థానము కనుగొనెను. సహాయము పొందువారిని అడిగి, లెక్క చూచి, తరువాత కాదనుటను ఆ తీర్పు తప్పుపట్టలేదు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో అప్పిచ్చినవానికి ఒక కట్టడ గలదు. తాకట్టు తీసికొనుటకు అతడు బీదవాని ఇంటిలోనికి చొరబడరాదు, వెలుపల నిలువవలెను. బాకీదారుడే దానిని తెచ్చి ఇచ్చును. తాకట్టు అడుగు హక్కు అతనికున్నది, గడప దాటు హక్కు లేదు. హక్కు ఉన్నచోటనే దేవుడు దానికి గడప పెట్టెను. ఇల్లు అద్దెకిచ్చువాడు కూడ తన సొమ్ము సంగతి అడిగి అక్కడ నిలువవలెను. మొగుడెట్లు పోయెను, కొడుకు ఎందుకు చూచుటలేదు అని మనస్సులోనికి చొరబడనక్కరలేదు.

ఇంటివారందరు ధనవంతులని ఎంచుట కూడ తప్పే. ఖనిలో ఎందరో పాత కార్మికులు రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ముతో ప్రక్కన రెండు గదులు వేసికొని, వాటి కిరాయితోనే మందులు కొనుక్కొనుచున్నారు. అట్టివారికి ఒక నెల కిరాయి రానియెడల పొయ్యి వెలుగదు. ఈ నష్టమంతయు నీవొక్కడవే మోయుమని అట్టివానికి బోధించుటకు మాకు నోరు రాదు. బీదవానిని బీదవాని నెత్తిన పెట్టి మనము ప్రక్కకు తప్పుకొనుట ధర్మము కాదు.

అందుచేతనే ఫిలిప్పీ సంఘము మాటిమాటికి మాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. వారు రోమాలోని ఇంటి యజమానికి నీతి బోధింపలేదు, పౌలునకు కావలసినది పంపిరి. హామీ ఉండవద్దని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నదిగదా అని కొందరు పెద్దలు అడుగుదురు. నిజమే. చేతిలో లేనిదానికి మాట ఇచ్చి చిక్కుకొనువానికి ఆ హెచ్చరిక. ముందుగా కూడబెట్టినది ఇచ్చుట హామీ కాదు, కానుక. ఇరువది కుటుంబములు నెలకు 50 రూపాయల చొప్పున వేసినయెడల సంవత్సరమునకు 12,000 రూపాయలగును. ఒక విధవరాలి అడ్వాన్సుకు, పింఛను ఆలస్యమైన నెల కిరాయికి అది ఆసరా అగును. ఆ సొమ్ము ఇద్దరు పెద్దల చేతిలో, వ్రాసిన లెక్కతో ఉండవలెను. ఇచ్చినప్పుడు ఇంటివారివద్ద రసీదు తీసికొనవలెను.

ఎపఫ్రొదితు సొమ్ము అప్పగించి మరునాడే తిరిగి పోలేదు, అక్కడ నిలిచి పౌలునకు పరిచర్య చేసెను. విధవరాలు ఇల్లు అడుగబోవునప్పుడు సంఘములోనుండి ఒక పెద్ద, ఒక స్త్రీ ఆమె వెంట నడచిపోయినయెడల జవాబు మారుచుండుట మేము చూచుచున్నాము. ఒకరి మాట వెంటబెట్టుకొని పోవలసివచ్చుట న్యాయమా అందురేమో. న్యాయము కాదు. కాని వానలు పడకమునుపు ఆమెకు ఇల్లు కావలెను.