మేము అను మాట

తర్కము చదివినవారికి అవ్యాప్తి యను దోషము తెలియును. ఒక లక్షణము తాను వర్తింపవలసినవారిలో కొందఱిని విడిచిపెట్టుట అవ్యాప్తి. కపిలవర్ణము గలది ఆవు అన్నచో తెల్లయావు గోజాతికి వెలియగును. అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రను చూచినపుడు, ఆ దేశము రెండువందల యేండ్లకు పైగా ఈ యొక్క దోషముతోనే పెనగులాడుచున్నదని నాకు తోచును. మనుష్యులందఱు సమానులుగా సృజింపబడిరని 1776లో ఆ దేశస్థాపకులు చాటిరి. 1790లో వారి శాసనసభయే, పరదేశములనుండి వచ్చినవారిలో స్వతంత్రులైన శ్వేతవర్ణులు మాత్రమే పౌరులు కాదగుదురని శాసించెను. నల్లజాతి బానిసలును, ఆదివాసులును, స్త్రీలును ఆ 'అందఱి'లో చేరలేదు.

నేడు అస్తిత్వ రాజకీయములు ఆ దేశమును చీల్చుచున్నవని పలువురు వగచుచున్నారు. వర్ణమును, మతమును, స్త్రీత్వమును ముందిడుకొని వోటడుగుట దేశైక్యమునకు చేటని వారి వాదము. ఇందు సత్యము లేకపోలేదు. కాని యీ వాదము ఆరంభమును మఱచుచున్నది. 1790 నాటి శాసనకర్తలును వర్ణమునే ముందిడుకొనిరి. అయినను దానిని ఎవ్వరును కక్ష యనలేదు. అధికారమున నున్నవారి 'మేము' వారి కంటికి 'అందఱు'గా కనబడును. వెలివడినవారు 'మేము' అన్నపుడే అది కక్షగా వినబడును.

ఈ పేరును వాడుకలోనికి తెచ్చినవారిలో బోస్టను నగరపు నల్లజాతి స్త్రీల సంఘము ముఖ్యమైనది. కాంబాహీ నది పేరు పెట్టుకొన్న ఆ సంఘము 1977లో ఒక ప్రకటన వెలువరించెను. తమ బాధను తామే చెప్పుకొనవలెనని వారనిరి. అయినను తమకు మాత్రమే విడుదల కోరలేదు. తమవంటివారికి విముక్తి కలుగవలెనన్న సకల పీడనములును తొలగవలెను గనుక, తమ విముక్తి అందఱి విముక్తియు నగునని వారి భావము.

దీనికి ప్రక్కన మనదేశపు వానిని ఒకనిని నిలిపి చూతము. పంజాబున అమృతసరసు ప్రాంతమున జన్మించిన భగత్ సింగ్ థిండు మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమున పనిచేసి, పౌరసత్వము కోరెను. శ్వేతులకు మాత్రమే ఏల యని ఆతని పక్షము ప్రశ్నింపలేదు. అతడు ఆర్యుడును ఉన్నతకులజుడును గావున శ్వేతుడే యనియు, వివాహ విషయమున తక్కువవారిని దూరముంచుటలో మన కులీనులు అమెరికా శ్వేతులవంటివారే యనియు వాదించెను. 1923లో అత్యున్నత న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసెను. అతడు గోడను కూల్చుమనలేదు. తనకొక గవాక్షము తెఱువుమనెను. భారతీయులకు పౌరులగు నర్హత 1946లో గాని రాలేదు. 1965లో దేశములవారీ కోటాలు తొలగుటకు నల్లజాతివారి పౌరహక్కుల యుద్యమము దారి తీసెను. నేటి మన తెలుగు కుటుంబములు ఆ దారినే ఆ దేశమున ప్రవేశించినవి.

ఇక చీలిక మాట. ఇరువదవ శతాబ్ది మధ్యమున రెండు పక్షములలోను ఉదారులును ఛాందసులును కలిసియుండిరి. 1964, 1965 నాటి హక్కుల శాసనములకు పిమ్మట దక్షిణరాష్ట్రముల శ్వేతులు క్రమముగా డెమొక్రాట్లను వీడి రిపబ్లికనులలో చేరిరి. వర్ణము, మతనిష్ఠ, చదువు, నివాసము, ఇవన్నియు నేడు పక్షముతో ముడివడుచున్నవి. కావున ఎన్నికలోని యోటమి ఒక విధానమునకు కలిగిన యోటమిగా గాక, తన బ్రతుకునకే అవమానముగా తోచుచున్నది. తన బిడ్డ ఎదుటి పక్షము వారిని పెండ్లాడిన నొచ్చుకొందుమన్నవారు 1960లో నూటికి 5గురు మాత్రమే. 2010లో అట్లన్నవారు రిపబ్లికనులలో సుమారు సగము, డెమొక్రాట్లలో మూడవవంతు. మఱి నల్లవారికిని తెల్లవారికిని పెండ్లి యగుట తగునన్నవారో, 1958లో నూటికి 4గురుండి 2021 నాటికి 94గురైరి. వెలి యొక యింటిని విడిచి మఱియొక యింట కాపురము పెట్టినది!

కావున 'మేము' అనుట దోషము గాదు. విడువబడినవారిని చేర్చుకొమ్మని యడుగు 'మేము' అవ్యాప్తిని దిద్దును. మమ్ము లోనికి రానిచ్చి తలుపు మూయుమను 'మేము' ఆ దోషమునే పెంచును. బాధపడినవాడు పలికినను ఈ పరీక్ష తప్పదు.

ఈ పరీక్ష మనకును వచ్చినది. 2023లో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించెను. అమెరికాలో అట్లు చేసిన మొదటి నగరమదియే. అచటి భారతీయులలో దానిని కోరినవారును, అది తమ నందఱిని దోషులుగా నిలుపునని యెదిరించినవారును గలరు. రెండవవారి భయమును నేను తేలికగా త్రోసివేయను. అయినను థిండు వాదమును తలచుకొన్నపుడు నా మనస్సు మొదటివారివైపే మొగ్గుచున్నది.

తన మేనిచాయను జూచి యెవరో చిన్నచూపు చూచిరని అమెరికానుండి బిడ్డ చెప్పినపుడు ఇచటి తల్లిదండ్రుల హృదయము కలగును. ఆ కలత న్యాయమైనదే. ఆ బిడ్డకే సంబంధము వెదకునపుడును ఆ కలత మన హృదయమున నిలిచియుండునా?