ముందు భోజనం



మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తెరవండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయాడు. బదరీ వృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి ఏం చేశాడో చూడండి. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు తల దగ్గరే ఉన్నాయి. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి తట్టి లేపినప్పుడు కూడా భోజనమే పెట్టాడు. హోరేబులో దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, 40 రోజులు నడిచి వెళ్లాక.

చిన్నప్పటి నుంచి చదివిన భాగమే. అర్థమైంది మాత్రం పార్సిప్పనీలో, మా అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర.

మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో మా నాన్నగారు ఒంగోలులో ప్రభువునందు నిద్రించారు. నా పాస్‌పోర్టులో వీసా గడువు అయిపోయింది. వెళితే స్టాంపింగ్ ఎన్నాళ్లకు అవుతుందో తెలియదు, ఇక్కడ మా ఆవిడకు ఏడో నెల. ఈ లెక్కలు మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. భూస్థాపన కార్యక్రమం అర్ధరాత్రి ఫోన్‌లో చూశాను. మట్టి వేసే వేళకు సిగ్నల్ పోయింది.

తెల్లారేసరికి వాట్సాప్ నిండా వాక్యాలు. అన్నీ మంచి వాక్యాలే. ఒక్కటీ చదవలేకపోయాను. ఇలాంటివి నేనెంతమందికి ఫార్వర్డ్ చేశానో, కింద జోడించిన చేతుల బొమ్మ పెట్టి, అప్పుడు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం తలుపు తట్టింది ఎదురింటి ఇటాలియన్ పెద్దావిడ. రెండేళ్లుగా మెట్ల దగ్గర హలో తప్ప మా మధ్య మాటల్లేవు. లాండ్రీ గదిలో మా ఆవిడ ఏడుస్తుంటే అడిగి తెలుసుకున్నారట. ఫాయిల్ కప్పిన వేడి గాజు ట్రే నా చేతిలో పెట్టి, భుజం తట్టి, తినమని చెప్పి వెళ్లిపోయారు.

అందులో ఉన్నవి స్టఫ్డ్ షెల్స్. మన గవ్వలే బాగా పెద్దవై, బెల్లం పాకానికి బదులు టమాటా సాసులో పడుకున్నట్టుంటాయి. రెండు రోజుల్లో అదే నా మొదటి భోజనం. నాలుగు తిని నిద్రపోయాను.

వారం తర్వాత ఫోన్‌లో అమ్మకు చెబితే, "గిన్నె ఖాళీగా తిరిగివ్వకు నాన్నా" అంది. పులిహోర పెట్టి తీసుకెళ్లాను. ఆవిడ నన్ను వంటింట్లో కూర్చోబెట్టి ఆ వంట నేర్పారు. షెల్స్‌ను ఉప్పునీళ్లలో, డబ్బా మీద రాసినదానికి రెండు నిమిషాల ముందే తీసేయాలి. మెత్తబడితే నింపేటప్పుడు చిరుగుతాయి. మిగతా ఉడుకు ఓవెన్‌లో పడుతుంది. విరిగిన పాలలా మెత్తగా ఉండే రికోటా చీజ్‌లో గుడ్డు, మోజరెల్లా, కాస్త పర్మేజాన్ కలిపి, ఒక్కోదానిలో చెంచాతో పెట్టాలి. అడుగున సాసు పోసిన ట్రేలో నోరు పైకి ఉండేలా పేర్చి, ఫాయిల్ కప్పి 375 డిగ్రీల ఫారన్‌హీట్‌లో అరగంట, ఫాయిల్ తీసి ఇంకో 10 నిమిషాలు. (నేను పాలకూర, పచ్చిమిర్చి కూడా వేస్తాను. ఆవిడ ముఖం చిట్లించారు గానీ రెండు తిన్నారు.)

30 షెల్స్ నింపడానికి నాకు ముప్పావు గంట పడుతుంది. చేతులకు చీజ్ అంటుకుని ఉంటుంది కాబట్టి ఫోన్ ముట్టుకోలేను. అంతసేపూ ఎవరికోసం చేస్తున్నానో ఆ మనిషి పేరే దేవుని సన్నిధిలో చెబుతుంటాను.

వాక్యం వద్దని నేననడం లేదు. తిబెరియ సముద్ర తీరాన పేతురును ప్రభువు అడగవలసిన ప్రశ్న చిన్నది కాదు, మూడుసార్లు అడిగాడు కూడా. అయినా ముందు నిప్పులు రాజేసి, చేపలూ రొట్టే పెట్టి, వాళ్లు తిన్నాకే అడిగాడు. యోహాను 21 చదవండి.

మీ సంఘంలో ఉద్యోగం పోయి, ఆ 60 రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న కుటుంబం ఉందేమో చూడండి. తల్లి చివరి చూపుకు వెళ్లలేకపోయిన తమ్ముడు ఉన్నాడేమో. రోమా 8:28 వాళ్లకు మనకంటే బాగా తెలుసు. రాత్రి ఏమైనా తిన్నారో లేదో మనకే తెలియదు.

ఆ పెద్దావిడ పోయిన ఏడాది కూతురి దగ్గరకు పెన్సిల్వేనియా వెళ్లిపోయారు. వెళ్తూ గాజు ట్రే నాకిచ్చారు. ప్రస్తుతం అది లేక్ హయావతాలో ఒక తెలుగువాళ్లింట్లో ఉంది. శనివారం ఇచ్చి వచ్చాను, ఎక్కువసేపు కూర్చోలేదు. ట్రే ఎప్పుడు తెచ్చివ్వాలన్నా అని ఆ తమ్ముడు అడిగాడు. తొందరేమీ లేదన్నాను.