మాటకును వ్రాతకును నడుమ

గోలకొండ కోటకు చేరువనున్న నానక్‌రామ్‌గూడలో, అమెరికా పగటికి తమ రాత్రిని ధారవోసి మేలుకొనియుండు సర్వరు కాపరులు, తెరమీద మెయిల్ క్యూ ఎగబ్రాకుటయు, ప్రాసెసరు ఖాళీగనే యుండి ఐఓ వెయిట్ మాత్రము పెరుగుటయు చూచి, “డిస్కే స్లో, సింక్ తీసేద్దామా?” అని యొకరినొకరు అడుగుకొందురు. ఆ ప్రశ్నలో సత్యమును గూర్చిన విచారణ యొకటి ఇమిడియున్నది.

ఉత్తరము నందుకొనిన సర్వరు పంపినవానికి “250” అని బదులిచ్చును. 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణపత్రము ఆర్‌ఎఫ్‌సీ 1123 ప్రకారము అది మర్యాదకు పలికిన పలుకు కాదు. ఈ ఉత్తరమునకు ఇక పూచీ నాది, యంత్రము కూలినను పోగొట్టనను ప్రతిజ్ఞ. అది వినినంతనే పంపిన సర్వరు తన క్యూలోని ప్రతిని చెరిపివేయును. కావుననే పోస్ట్‌ఫిక్స్ వంటి మెయిల్ ప్రోగ్రాములు, అక్షరములు డిస్కుపై స్థిరపడువరకు ఎఫ్‌సింక్‌తో నిరీక్షించి, పిమ్మటనే పలుకును. కాపరులు తీసివేయజూచు సింక్ ఈ నిరీక్షణయే. నిమిషమునకు 7,200 మార్లు తిరుగు డిస్కునకు ఒక చుట్టు 8.3 మిల్లీసెకండ్లు; ఉత్తరమునకొక చుట్టు చొప్పున ఒక్కొక్కటిగ వ్రాసినచో సర్వరు సెకనుకు 120 మాటలకు మించి ఈయజాలదు.

బలి వామనునకు మూడడుగులు ఇత్తుననుట మాట, ధారవోయుట దానము. శుక్రుడు అడ్డుపడినది ఆ రెంటి నడుమనే. ప్రలోభమునకు తావు ఎల్లప్పుడు ఆ సందుననే.

మఱి డిస్కే బొంకినచో? క్యాషులో నుంచుకొని వ్రాసితినని చెప్పు డిస్కులు కలవు. వినినదే పలికిన సర్వరు నిర్దోషి యందుమా? యోగసూత్రముల వ్యాసభాష్యము, కనినది, ఊహించినది, వినినది ఉన్నదున్నట్లు పలుకుట సత్యమనును. అంతట నాగక, ఆ పలుకు వంచనయు భ్రాంతియు కారాదనియు, సర్వభూతములకు ఉపకారము కొఱకే వెలువడవలెననియు చెప్పును. నా మట్టుకు ఉపకారమను ఆ రెండవ షరతే బరువైనది. తన మాట నమ్మి యొకడు తన ప్రతిని చెరుపుకొనుచుండగా, డిస్కును పరీక్షింపకయే మాట ఇచ్చుట దోషమే.

ఇంతమాత్రమున జాగే ధర్మమని నేననను. బ్యాటరీ గల కంట్రోలరు క్యాషు, క్యూకు వేఱుగ ఎస్‌ఎస్‌డీ, పలు ఉత్తరముల వ్రాతను ఒక్క జర్నల్ కమిట్‌లో ముగించు ఫైల్ సిస్టమ్, ఇవన్నియు మాటను తేలిక చేయక నిరీక్షణను తగ్గించునవి. సింక్ తీసివేయుట ఆ కోవలోనిది కాదు. క్యూ కరగును నిజమే. కరెంటు పోయిననాడు ఉత్తరము పోవును, పంపినవాని లాగ్‌లో మాత్రము అది చేరినట్లే నమోదై యుండును గనుక మరల పంపవలెనని ఎవనికిని తోచదు.