పగ కొనని అవ్వ

మిర్యాలగూడలో ఇద్దరు మిల్లు సేట్లుండేవారు. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఓ యాసంగిలో సాగర్ ఎడమ కాలువ కింద వరి విరగపండింది. పెద్ద మిల్లు సేటు కోదాడ వైపు ఓ ఊరికొచ్చి, "క్వింటాలుకు వంద ఎక్కువిస్తా. అవతలి మిల్లుకు మాత్రం మీ ట్రాక్టర్ ఒక్కటీ పోవద్దు" అన్నాడు. ఊరంతా సంతకం పెట్టింది. అది విని రెండో సేటు సూర్యాపేట వైపు ఇంకో ఊరితో అలాగే రాయించుకున్నాడు.

కోదాడ వైపు ఊళ్లో ఒక్క అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "వడ్లు అమ్ముత గని సేటూ, మీ పగ నేనెందుకు కొనాలె?" అన్నది. చేతికొచ్చిన వంద వదులుకుందని అందరూ నవ్వారు. ఆమె కొన్ని వడ్లు ఒక మిల్లుకు, కొన్ని రెండో మిల్లుకు వేసింది. మిగిలినవి ఎండబోసి సూర్యాపేట మార్కెట్ యార్డుకు తోలింది.

రెండేళ్లకు సేట్లిద్దరూ వియ్యమందుకున్నారు. ఇక రెండు మిల్లులదీ ఒకటే ధర. వంద పోయింది, పైగా తేమ పేరుతో తరుగు తీశారు. వేరే గేటు తెలియని రెండు ఊళ్ల రైతులూ పచ్చి వడ్ల ట్రాక్టర్లతో రోడ్డు మీదే పడిగాపులు పడ్డారు. అవ్వ మాత్రం యార్డులో నచ్చిన ధరకే అమ్ముకుంది.

నీతి: బేరం చేసుకో, పగ అరువు తెచ్చుకోకు.

దేశాల ఒప్పందాలకూ ఇదే వర్తిస్తుంది. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై అదనంగా 25 శాతం సుంకం వేసింది. పెద్దల తగవు అది, దెబ్బ తిన్నది కోస్తా రొయ్యల రైతు. అదే ఏడాది మార్చి 31న 12,500 టన్నుల తెలంగాణ బియ్యం కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు బయల్దేరింది. మన రైతుకు కొత్త గేటు తెరుచుకున్నందుకు సంతోషించాల్సిందే. కానీ 2024లోనే ఆ దేశం వియత్నాంతో అయిదేళ్ల బియ్యం ఒప్పందం చేసుకుంది. సముద్రంలో దీవుల కోసం ఇద్దరికీ తగవున్నా బేరం ఆపుకోలేదు. అదే ఫిలిప్పీన్స్ 2025 సెప్టెంబరులో తన రైతుల కోసం బియ్యం దిగుమతులే నిలిపేసింది. 2023 జులైలో మనమూ బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపినవాళ్లమే.

ఎవరి అవసరం వారిది. అందుకే ఒప్పందంపై సంతకం పెట్టేముందు ఢిల్లీ అయినా హైదరాబాద్ అయినా ధరతో పాటు ఇంకొకటి చూడాలి: ఈ కాగితం మన రైతుకు దారి తెరుస్తోందా, ఉన్న దారి మూస్తోందా?